ఊదారంగు చుక్కలు

క్లినిక్కు,
జూన్ 4

బావా,

ముందుగా ఒక శుభవార్త. నేను కారు కొన్నాను. అలాంటి ఇలాంటి కారు కాదు. వెనక నుంచి వస్తుంటే ముందున్న స్కూటర్లు వాటంతట అవే పక్కకు తప్పుకుంటాయి. తోలు సీట్లు, పైకప్పులో తెరుచుకునే అద్దం, చలిగా ఉంటే నడుముకు వెచ్చదనం ఇచ్చే మీట. కొత్తది కొనాలంటే ఈ ఊళ్ళో అందరి పళ్ళూ రెండేసిసార్లు పీకాలి. పదకొండేళ్ళు వాడిన బండి గనక నాలాంటివాడికి అందింది.

కొని ఆరు వారాలైంది. ఇన్నాళ్ళూ చెప్పకుండా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, చిన్న ఇబ్బంది ఒకటి వచ్చింది. పొద్దున్నే లేచి చూసేసరికి కారు వెనక భాగం నేలకు ఆనుకుని కూర్చుంటోంది. స్టార్ట్ చేస్తే ఆయాసపడుతూ, గరగరమంటూ, పది నిమిషాలకు లేస్తుంది. ఎక్కడానికి వీలుగా వంగుతోంది, ఖరీదైన బండ్లలో ఆ సౌకర్యం ఉంటుందని మొదటి వారం మా ఆవిడకు నేనే చెప్పాను. ఆవిడ నమ్మింది. రెండో వారానికి నేను నమ్మడం మానేశాను. పక్కింటావిడ రోజూ గుమ్మంలో నిలబడి, దానికి కొంచెం తెరిపిచ్చిందా అని అడుగుతోంది.

క్లినిక్కులో కొత్త కుర్చీ కోసం దాచిన డబ్బు దీనికి పెట్టేశాను. పాత కుర్చీ సంగతి నీకు తెలుసుగా, పేషెంటు నోరు తెరిచేలోపు మెల్లగా కిందకు దిగిపోతుంది. ఇప్పుడు ఇంటి దగ్గర ఒకటి, ఇక్కడ ఒకటి, పోటీపడి దిగిపోతున్నాయి.

అడక్కుండా కొన్నానని తిట్టకు. ఇస్త్రీ చొక్కాతో బండి కింద పడుకుని మరీ చూసి కొన్నాను. ఆ మరక ఇంకా పోలేదు. ఫోన్ చేద్దామంటే, ముప్పై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ నీ చెవులకు నేను గొంతు చించుకుని అరవాలి, అది విని పేషెంట్లు పారిపోతారు. అందుకే ఉత్తరం. ఇంకో రహస్యం కూడా ఉంది. దాన్ని ఉత్తరంలో రాయను, వచ్చి చూపిస్తాను.

నీ సలహా కోసం నోరు తెరుచుకుని కూర్చున్న,
బామ్మర్ది


షెడ్డు,
జూన్ 11

పళ్ళ డాక్టరు గారికి గ్రీజు చేతులతో నమస్కారం.

మీ శుభవార్తను మీ అక్కకు చదివి వినిపించాను. వాడికి చిన్నప్పటి నుంచీ పెద్ద బండ్లంటే మోజు అని మురిసిపోయింది. తర్వాతి పేరా చదివాను. మురిపెం అక్కడితో ఆగింది.

నీ కారు వంగడం లేదు నాయనా, దానికి గాలి పోయింది. ఆ జాతి బండ్లకు మామూలు స్ప్రింగులుండవు. రబ్బరు సంచుల్లో గాలి నింపి వాటి మీద నిలబెడతారు. కొత్తలో మేఘం మీద కూర్చున్నట్టే ఉంటుంది. పదేళ్ళకు రబ్బరు పగుళ్ళిస్తుంది. కారిపోయిన గాలిని మళ్ళీ నింపలేక కంప్రెసర్ రోజంతా రొప్పి రొప్పి ఒకనాడు ప్రాణం విడుస్తుంది. సంచి ఇవాళ మారిస్తే సంచి ఖర్చే. వచ్చే నెల మారిస్తే సంచీ, కంప్రెసరూ. వాటి ధర నేను చెప్పను. నిలబడి వినాల్సిన ధర కాదు, నీ కుర్చీ చూస్తే అది కూర్చోవడానికీ పనికిరాదు.

ఒక్కటి అడుగుతాను. పోయిన ఏడు మా వాచ్‌మన్ పన్ను నొప్పి అంటే ఎక్స్‌రే తియ్యందే నువ్వు వేలు పెట్టలేదు. అంత జాగ్రత్త మనిషివి, సీటు వెచ్చగా ఉందని బండి కొనేశావా? కింద పడుకుని నువ్వు చూసిందేమిటి? నీకు అక్కడ అంతా నల్లగా కనిపించి ఉంటుంది. కొనేముందు తెలిసిన మెకానిక్కు ఎవరికైనా చూపించావా? చూపిస్తే ఆ మహానుభావుడి పేరు చెప్పు. పనిగట్టుకుని వచ్చి మెడలో దండ వేసి పోతాను.

ఇక్కడ కొత్త సంగతులేం లేవు. మీ అక్క గోళ్ళ రంగు సీసా కోసం ఇల్లంతా గాలించి, ఎప్పటిలాగే నా పనిముట్ల పెట్టెలో పట్టుకుంది. బిగించిన ప్రతి బోల్టు మీదా ఒక చుక్క పెట్టకపోతే బిగించానో లేదో నాకు తోచదని పదిహేనేళ్ళుగా మొత్తుకుంటున్నాను. పెయింటు డబ్బా కొనుక్కోవచ్చుగా అంటుంది. పెయింటు ఇంత బాగా పట్టదు. పైగా ఊదారంగు చుక్క పెట్టే మెకానిక్కు ఇంకొకడు లేడు. మిగతా మెకానిక్కుల భార్యలకు అంత అభిరుచి లేదు మరి.

నీ క్షేమం, నీ కంప్రెసర్ క్షేమం కోరుకునే,
బావ


ఇల్లు, వరండా,
జూలై 2

బావా,

కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్ళొచ్చాను. అద్దాల గది, మెత్తటి సోఫా, కాఫీ ఇచ్చే యంత్రం. టై కట్టుకున్న ఒకాయన నా పక్కన కూర్చుని, మా వృత్తిలో చెడ్డ వార్త చెప్పేముందు మేం పెట్టే మొహమే పెట్టి, ఒక కాగితం చేతికిచ్చాడు. కారుకు నేనిచ్చిన దాంట్లో మూడోవంతు ఉంది. రెండు సంచులకు, ఒక కంప్రెసర్‌కు. కాఫీ మాత్రం ఉచితం. అంత ఖరీదైన ఉచిత కాఫీ నేనెప్పుడూ తాగలేదు.

చివరికి బయట ఒక చిన్న షెడ్డులో సంచులు వేయించాను. ఇప్పుడు కారు నిలబడుతోంది. నిలబడ్డాక దాని మిగతా గుణాలు బయటపడుతున్నాయి. వాన పడిన మర్నాడు బ్రేకు వేస్తే పైకప్పు అద్దం దగ్గర నుంచి చెంబెడు నీళ్ళు సరిగ్గా మా ఆవిడ నెత్తిన పడతాయి. నా మీద ఒక్క చుక్క పడదు. నేనే ఏదో ఏర్పాటు చేశానని ఆవిడ అనుమానం. వెనక తలుపు దానికి తోచినప్పుడు మూసుకుంటుంది. దూరం వెళ్ళొస్తే లోపల తియ్యటి వాసన. మొదట్లో అది తోలు సీట్ల సుగంధమనుకున్నాను. వారానికో సీసా నీళ్ళు ఇంజన్ డబ్బాలో పోస్తే తగ్గుతోంది.

ఎవరికి చూపించావని అడిగావు. నాకు తెలిసిన వాళ్ళలో అందరికన్నా నమ్మకమైన మెకానిక్కే దాన్ని చూశాడు. అతని చెయ్యి పడిందని తెలిశాక ఇంకొకరికి చూపించాల్సిన పని లేదు. దండ సిద్ధం చేసుకో.

మీ చెల్లెలికి కొండ మీది బడికి బదిలీ అయింది. వచ్చే ఒకటో తారీఖు నుంచి రోజూ ముప్పై రెండు మలుపులు ఎక్కి దిగాలి. ఇంత పెద్ద కారు ఉండగా నాకేం భయం అంటోంది. నాకూ ధైర్యంగానే ఉంది.

బండి ఎలా ఉంటుందో చెప్పలేదు కదూ. ముదురు నీలం. వెనక ఎడమ తలుపు కింద పిడికిలంత సొట్ట. అమ్మినాయన తల నుంచి కాలి దాకా తెలుపు, తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల బూట్లు. ఈ బండిని మీ ఊరి నుంచే తెచ్చాడట. అది విన్నాక నాకు ఇంకా నచ్చింది.

వాన మొహం చూస్తూ,
నీ బామ్మర్ది


షెడ్డు,
జూలై 8

బామ్మర్దికి,

నీ ఉత్తరం అందింది. సంచులు మార్చడం మంచిదైంది. పైకప్పు అద్దం నాలుగు మూలల్లో నీళ్ళు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయి. చెత్త అడ్డం పడి ఉంటుంది. మెత్తటి తీగతో నెమ్మదిగా పొడిస్తే పోతుంది. దానికి ఖర్చు లేదు.

తియ్యటి వాసన కూలెంటుది. ఇంజన్ను చల్లబరిచే ఆ ద్రవం ఎక్కడో కారుతోంది. నీళ్ళు పోస్తూ నెట్టుకురావద్దు.

ఒక పని చెయ్యి. తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా ఆపు. నీ ముందు బోర్డు మీద హెచ్చరిక లైట్లన్నీ రెండు క్షణాలు వెలగాలి. ఇంజన్ బొమ్మ ఉన్నదీ, థర్మామీటరు బొమ్మ ఉన్నదీ వెలుగుతున్నాయో లేదో చూసి రాయి. వెలగకపోతే కంగారుపడకు.

చెల్లెల్ని ఆ కారులో కొండ ఎక్కనివ్వకు. బస్సులో వెళ్ళమను. బండిని లారీ మీద నా దగ్గరకు పంపించు. కిరాయి నేనిస్తాను, పనీ నేనే చేస్తాను. డబ్బు మాట ఎత్తొద్దు.

బావ


ఇల్లు,
జూలై 15

బావగారికి నమస్కారములు.

మీ ఉత్తరంలో ఒక్క తిట్టు కూడా లేదు. మా ఆవిడ రెండుసార్లు చదివి, బావగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగింది.

బస్సు సలహా బాగుంది. రెండు రోజులు ముందు వచ్చి ఉంటే ఇంకా బాగుండేది. కొత్త బడి చూసి వస్తానని ఆవిడ అప్పటికే కొండ ఎక్కింది. పన్నెండో మలుపు దగ్గర ముందు మూత కింద నుంచి ఆవిరి తన్నుకొచ్చి, అద్దం తెల్లబడిపోయి, రోడ్డు కనిపించలేదట. ఎడమ వైపు లోయ. గుడ్డిగా బ్రేకు తొక్కి ఆపింది. ఎవరో లారీ ఆయన ఆగి సాయం చేసేదాకా రెండు గంటలు రోడ్డు పక్క రాయి మీద కూర్చుంది. ఏదైనా ఎర్రలైటు వెలిగి ఉంటే ముందే ఆగేదాన్ని కదా, ఒక్కటీ వెలగలేదే అని ఇప్పటికీ అంటోంది.

బండిని ఈడ్చుకొచ్చాక మీరు చెప్పినట్టే తాళం తిప్పి చూశాను. మిగతావన్నీ వెలిగాయి. ఆ రెండూ వెలగలేదు. సరిగ్గా ఆ రెండే. ఇంత దూరం నుంచి మీరెలా కనిపెట్టారో గాని, నేను నోట్లో తల పెట్టి చూసినా అంత కచ్చితంగా చెప్పలేను.

ఎలక్ట్రీషియన్ను పిలిచి బోర్డు విప్పించాను. లోపల రెండు లైట్ల మీదా నల్ల టేపు ముక్కలు. ఎంత ముచ్చటైన పని. లైటు ఎంతుందో ముక్క అంతే ఉంది. లేచిపోకుండా నాలుగు మూలలూ గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి. మా అక్క వంటగదిలో డబ్బాల మీద పేర్ల చీటీలు కూడా అలాగే మూలలు గుండ్రంగా ఉంటాయి. అతికించినవారు ఎవరో మీకు తెలుసు.

టేపు పీకేశాం. ఇప్పుడు రెండు లైట్లూ ఆరకుండా వెలుగుతున్నాయి. కారు ఇన్నాళ్ళకు నోరు విప్పింది. పుచ్చిన పన్నుకు తెల్లటి తొడుగు వేసి పంపేసే డాక్టర్లు మా వృత్తిలోనూ ఉన్నారు లెండి. వాళ్ళ పనితనం కూడా చాలా బాగుంటుంది.

బండి పంపడం లేదు. ఎవరి చేత చేయించాలో ఆలోచించుకుంటున్నాను.

ఇట్లు,
మీ బావమరిది


షెడ్డు,
జూలై 19

బామ్మర్దికి,

'మీరు' అన్నావు. మా పెళ్ళిలో కూడా నన్ను ఆ మాట అనలేదు. మీ అక్క ఉత్తరం పైవరస చూసి, వీడికేమైంది అని అడిగింది. పెద్దవాడయ్యాడులే అని తప్పించుకుని కాగితం జేబులో పెట్టుకున్నాను.

ఆ టేపు అతికించింది నేనే.

ఆరేడు నెలల కిందట తెల్ల చొక్కా ఆ బండిని తెచ్చాడు. రెండు పనులు చెప్పాడు. కింద చక్రాల దగ్గర బోల్టులు వదులయ్యాయి, బిగించమన్నాడు. బిగించాను, ఒక్కొక్కటీ చూసి చుక్క పెట్టాను. రెండో పని, ఆ లైట్లు చూసి కొనేవాళ్ళు జడుసుకుంటున్నారు, ఏదో ఒకటి చెయ్యమన్నాడు. ఇంజన్ వెనక ఒక ప్లాస్టిక్ గొట్టం పగిలి ఉంది. గొట్టం ధర తక్కువే, అక్కడికి చెయ్యి వెళ్ళాలంటే సగం ఇంజన్ విప్పాలి. చెప్పాను. నవ్వి, టేపు చాలదా అన్నాడు. నా షెడ్డుకు వచ్చే పనిలో సగం అతనిదే. కాదనలేకపోయాను. కొనేవాడెవడో, వాడి తిప్పలు వాడు పడతాడనుకున్నాను. ఆ కొనేవాడికి దిగిపోయే కుర్చీ ఒకటి ఉంటుందనీ, వాడి భార్య నన్ను అన్నయ్యా అని పిలుస్తుందనీ అనుకోలేదు. అలా అనుకోకపోవడమే నేను చేసిన పాడుపని.

సొట్ట సంగతి చదవగానే నాకు అర్థమైంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పకుండా, నువ్వే కనిపెట్టినట్టు ఉంటుందని లైట్లు చూడమన్నాను. చెల్లెలు రాయి మీద కూర్చున్న రెండు గంటలూ నా బుర్రలో తిరుగుతున్నాయి. నాకు చాలా సిగ్గుగా ఉంది.

చుక్క పెట్టింది బోల్టులకే, టేపుకు పెట్టలేదు. ఉత్తరం మొదలుపెట్టేటప్పుడు ఇదొక గట్టి సమాధానమనుకున్నాను. రాశాక చూస్తే నాకే రోత పుట్టింది. కొట్టెయ్యడం లేదు, నువ్వు కూడా చదువు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోపం తెచ్చుకోకు. కొనేముందు నమ్మకమైన మెకానిక్కు చూశాడన్నావు. అతనికైనా తాళం తిప్పి లైట్లు చూడాలని తెలియదా? నా తప్పు తగ్గుతుందని కాదు. పేరు చెప్పు, ఇద్దరం ఒకచోట కూర్చుని తల దించుకుంటాం.

బావ


క్లినిక్కు,
జూలై 24

బావా,

'మీరు' అనడం నా వల్ల కావడం లేదు. తిట్టడానికి కూడా వీలుగా లేదు.

ఆ మెకానిక్కు పేరు రాయడానికి మూడు రోజులు పట్టింది. నువ్వే.

ఆ రోజు ఇస్త్రీ చొక్కాతో కింద పడుకున్నప్పుడు, నువ్వన్నట్టే అంతా నల్లగా ఉంది. ఏం చూడాలో తెలియక లేవబోతుంటే చుక్కలు కనిపించాయి. ఊదారంగువి. లెక్కపెట్టాను, పద్నాలుగు. తెలియని ఊళ్ళో మనింటి మనిషి ఎదురొచ్చినట్టు అనిపించింది. ఆ బండి కింద పడుకునే నవ్వుకున్నాను. మా బావ చెయ్యి పడిన బండి, ఇంక దీనికి తిరుగులేదనుకున్నాను. లేచి దుమ్ము కూడా దులుపుకోకుండా సరేనన్నాను. బేరమాడలేదు. తెల్ల చొక్కా అంతటివాడే కంగారుపడ్డాడు.

ఉత్తరంలో రాయనన్న రహస్యం అదే. ఆ కారులో వచ్చి నీ షెడ్డు ముందు దిగి, నీ చుక్కలు నీకే చూపించి నిన్ను ఆటపట్టిద్దామనుకున్నాను. ఎవరికైనా చూపించావా అని నువ్వు ఎకసెక్కాలాడావు గుర్తుందా? నేను అడక్కుండా కొనలేదు బావా. నిన్ను అడిగే కొన్నాననుకున్నాను.

దండ కొని ఉంటే నువ్వే వేసుకో.

నా తప్పు లేదని కాదు. నువ్వు బోల్టు బిగించానని పెట్టిన గుర్తును నేను బండి మొత్తం బాగుందని చదువుకున్నాను. ఒక పన్ను బాగుందని నోరంతా బాగుందనే డాక్టరు దగ్గరకు నేనే వెళ్ళను.

ఆవిడ ఒకటో తారీఖు నుంచి బస్సులో వెళ్తుంది. కారు ఇంటి ముందు ఎత్తుగా, దర్జాగా నిలబడి ఉంది, కదలడం ఒక్కటే లేదు. దాన్ని నీ చేతే చేయిస్తాను. కానీ నువ్వు రావాలంటే ముందు రెండు పనులు చెయ్యాలి. అక్కకు నీ నోటితో చెప్పు, నేను చెప్పను. రెండోది, తెల్ల చొక్కా బండ్లకు ఇంకా ఎన్నింటికి టేపు వేశావో గుర్తు తెచ్చుకో. వాళ్ళకు నువ్వు బావవి కావు. అయినా వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు కూడా కొండలు ఎక్కుతారు.

నీ బామ్మర్ది


ఇల్లు, వంటగది,
జూలై 30

బామ్మర్దికి,

మీ అక్కకు చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, టేపు మూలలతో సహా. అరుస్తుందనుకుని కిటికీ మూసి మరీ చెప్పాను. అరవలేదు. లేచి వంటగదిలోకి వెళ్ళి, డబ్బాల మీద నేను అతికించిన చీటీలన్నీ ఒక్కొక్కటే పీకేసింది. ఇప్పుడు ఉప్పు కావాలంటే మూడు మూతలు తియ్యాల్సి వస్తోంది. తీసి చూసుకో, అలవాటవుతుంది అంది. ఆ తర్వాత ఆవిడ నోటి నుంచి రెండో మాట ఇంకా రాలేదు. అందుకే వంటగదిలో కూర్చుని రాస్తున్నాను, వస్తే ఇక్కడే వస్తుందని.

టేపు వేసిన బండ్లు ఇంకో మూడున్నాయి. కొన్నవాళ్ళ చిరునామాలు అడిగితే తెల్ల చొక్కా, నీకేమైనా పిచ్చా అని, మర్నాటి నుంచి బండ్లు పంపడం మానేశాడు. అతని దగ్గర కాగితాలు రాసే గుమస్తా జాలిపడి చెప్పాడు. ముగ్గురికీ కబురు పెట్టాను. ఒకాయన వచ్చి, గంటసేపు తిట్టి, పని చేయించుకుని, వెళ్తూ కాఫీ ఏదన్నాడు. మా దగ్గర ఆ యంత్రం లేదు. మిగతా ఇద్దరూ రావాలి. షెడ్డులో సగం ఖాళీ. చాలాకాలానికి ఊడవడం తేలికైంది.

ఆదివారం పొద్దున బస్సుకు వస్తున్నాను. గొట్టం, ఇంజన్ అతుకుల్లో వేసే గాస్కెట్లు, పనిముట్ల పెట్టె నా దగ్గరున్నాయి. వేడికి ఇంజన్ హెడ్డు, అదే దాని పైభాగం, వంగి ఉంటే రెండు రోజులు ఎక్కువ పడుతుంది, వంగకపోతే నీ అదృష్టం, నాది కూడా. నీ కుర్చీ కూడా చూస్తాను. అందులో నూనె పట్టి ఉంచే రబ్బరు వలయం ఒకటి అరిగి ఉంటుంది. దానికి నువ్వు కొత్త కుర్చీ ఎందుకు కొనాలనుకున్నావో తెలియదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి, ఈసారి నిజంగా అడిగి ఉంటే.

మీ అక్క కూడా వస్తోంది. ఇప్పుడే లోపలికొచ్చి ఆ రెండో మాట చెప్పి వెళ్ళింది. గోళ్ళ రంగు సీసా ఇకమీదట నా పెట్టెలో ఉండదట, తన సంచిలో ఉంటుందట. నేను ప్రతి బోల్టూ ఆవిడ కళ్ళెదుట బిగించాలి. చుక్క ఆవిడ పెడుతుంది. నమ్మకం కుదరకపోతే పెట్టదు.

చెల్లెలికి నేను క్షమాపణ ఉత్తరంలో రాయను. ఎదురుగా నిలబడి చెబుతాను.

నువ్వు పాత చొక్కా వేసుకుని ఉండు. నాతో పాటు నువ్వూ బండి కిందకు రావాలి. చుక్కల సంగతి మీ అక్క చూసుకుంటుంది, నీకు బోల్టులు చూడడం నేర్పిస్తాను.

బావ